రెండు రకాల డిస్కులున్న కంప్యూటరు తెరచుకోనప్పుడు

తిరువళ్ళూరు జిల్లా కాక్కళూరులో 2011 సెప్టెంబరు 15న నాటి తమిళనాడు ముఖ్యమంత్రి జయలలిత విద్యార్థుల ఉచిత లాప్‌టాప్ పథకాన్ని ప్రారంభించారు. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఊత్తుకోట పరిసర గ్రామాలలో ఎన్నో కుటుంబాలకు ఇంటికి వచ్చిన తొలి కంప్యూటరు ఆ లాప్‌టాపే. పిల్లలు చదువులు ముగించి ఉద్యోగాలకు వెళ్ళిన తరువాత కూడా అది ఇంట్లోనే ఉండిపోయింది. వేగం తగ్గిందని కొందరు దానిలోని పాత హార్డ్ డిస్కును తీసి ఎస్‌ఎస్‌డీ వేయించారు. మరికొందరు ఒక పాత డెస్క్‌టాప్‌లోనే రెండు తరాల డిస్కులను కలిపి నడుపుతున్నారు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో ఈ మార్పులు మరింత పెరిగాయి. ఇటువంటి యంత్రం ఒకనాటి ఉదయం నల్ల తెరమీద ఒక ఇంగ్లీషు వాక్యం చూపి ఆగిపోతే ఏమి చేయవలెనో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఆ డిస్కులలో ఉన్నవి పాటలు, సినిమాలు మాత్రమే కావు. కుల ధ్రువపత్రాలు, మార్కుల పత్రాలు, పెళ్ళి ఫొటోలు ఉంటాయి. తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుండి నాటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అంతకు ముందరి భూమి దస్తావేజులు తెలుగులో ఉన్న కుటుంబాలు వాటిని స్కాన్ చేయించి కంప్యూటరులో దాచుకుంటున్నాయి. కాగితం చిరిగిపోయిన చోట ఆ స్కానే మిగిలిన నకలు కావచ్చు. కంప్యూటరు తెరచుకోకపోగానే అంగడిలో మొదట వినిపించే మాట ‘ఫార్మాట్ చేస్తే సరిపోతుంది’ అన్నది. ఆ మాటకు తొందరపడి తల ఊపరాదు. రెండు డిస్కులున్న యంత్రం బూట్ కాకపోవడానికి ఎక్కువ సందర్భాలలో కారణం సమాచారం పోవడం కాదు. యంత్రం వెదకవలసిన డిస్కును విడిచి మరొక డిస్కులో వెదకడం, లేదా సరైన డిస్కునే తప్పు పద్ధతిలో చదవబోవడం.

యంత్రం మేల్కొనే క్రమం

మీట నొక్కగానే ముందుగా పనిచేసేది విండోస్ కాదు. మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో నిలిచి ఉన్న ప్రోగ్రాము మేల్కొంటుంది. పాత యంత్రాలలో దానిని బయాస్ అంటారు, కొత్త వాటిలో యూఈఎఫ్‌ఐ అంటారు. అది మెమరీని, కీబోర్డును, డిస్కులను పలకరించి, తన వద్ద ఉన్న వరుస ప్రకారం ఒక్కొక్క డిస్కును చూస్తుంది.

బయాస్ డిస్కు మొదట్లోని 512 బైట్లను మాత్రమే చదువుతుంది. ఆ భాగమే ఎంబీఆర్. దానిలో 446 బైట్ల చిన్న ప్రోగ్రాము, 64 బైట్ల భాగాల పట్టిక, చివర 2 బైట్ల గుర్తు ఉంటాయి. ఆ చిన్న ప్రోగ్రాము తరువాతి ప్రోగ్రామును, అది విండోస్‌ను పిలుస్తాయి. యూఈఎఫ్‌ఐ పద్ధతి వేరు. డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న ఒక చిన్న భాగాన్ని వెదకి, దానిలోని బూట్ ఫైలును నేరుగా తెరుస్తుంది. ఏ ఫైలును తెరవాలో చెప్పే చిట్టాను మదర్‌బోర్డు మీదనే దాచుకుంటుంది. డిస్కును ఒక యంత్రం నుండి తీసి మరొక యంత్రంలో పెట్టినప్పుడు ఆ చిట్టా డిస్కుతో పాటు రాదు. నిన్నటివరకు నడిచిన డిస్కు నేడు వేరొక యంత్రంలో తెరచుకోకపోవడానికి ఇది ఒక కారణం.

ముందు చేయవలసినవి

తెరమీద కనిపించిన వాక్యాన్ని మొబైలుతో ఫొటో తీయండి. ఒక్క పదం తేడాతో కారణం మారిపోతుంది కనుక ఇది చిన్న పని కాదు. తరువాత పెన్ డ్రైవు, మెమరీ కార్డు, డీవీడీ ఏదైనా ఉంటే తీసివేసి మరల ఆన్ చేయండి. వరుసలో పెన్ డ్రైవు ముందున్న యంత్రం దానినే చదవబోయి ఆగిపోవడం చాలా ఇళ్ళలో జరిగే సంగతి.

అప్పటికీ తెరచుకోకపోతే ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 లేదా డిలీట్ మీటను పదేపదే నొక్కి బయాస్ తెరను తెరవండి. ఏ మీట అన్నది తయారీ సంస్థను బట్టి మారుతుంది. అక్కడ రెండు డిస్కుల పేర్లూ కనిపిస్తున్నాయా అన్నది చూడండి. ఇక్కడే దారి రెండుగా చీలుతుంది. డిస్కు పేరే కనిపించకపోతే లోపం తీగలోనో, కరెంటు అందడంలోనో, డిస్కులోనో ఉంది. విండోస్ డిస్కులు, మరమ్మతు ఆజ్ఞలు ఏవీ ఆ దశలో ఉపయోగపడవు. పేరు కనిపిస్తే డిస్కు కనీసం పలుకుతున్నది, వెదికే వరుసనో పద్ధతినో చూడాలి. ఎఫ్12 లేదా ఆ సంస్థ నిర్ణయించిన మరొక మీటతో వచ్చే బూట్ మెనూలో ఒక్కొక్క డిస్కును విడివిడిగా ఎంచి చూడండి. ఈ ఎంపిక ఆ ఒక్కసారికే వర్తిస్తుంది, డిస్కు మీద ఏమీ వ్రాయదు, కనుక భయపడనక్కరలేదు. దేనిని ఎంచినప్పుడు విండోస్ తెరచుకున్నదో దానిని బయాస్ వరుసలో మొదట నిలిపితే పని ముగిసినట్లే.

వెడల్పు పట్టీ తీగ డిస్కులు

2000 దశకపు డెస్క్‌టాపులలో ఐడీఈ డిస్కులు ఉండేవి. వాటి తీగ వెడల్పాటి పట్టీలా ఉంటుంది. ఒకే పట్టీకి రెండు పరికరాలు తగిలించవచ్చు, కనుక డిస్కు వెనుక చిన్న జంపరుతో ఒకదానిని మాస్టర్ అని, రెండవదానిని స్లేవ్ అని నిర్ణయించాలి. రెండూ మాస్టర్‌గా ఉంటే రెండూ కనిపించకుండా పోవచ్చు. తరువాత వచ్చిన సాటా డిస్కులకు సన్నని తీగ, ఒక్కొక్క డిస్కుకు ఒక్కొక్క తీగ. జంపరు గొడవ లేదు.

ఈ రెండింటికీ చోటున్న మదర్‌బోర్డులో, పాత ఫొటోల కోసమని ఐడీఈ డిస్కును తగిలించినప్పుడు వరుస తనంతట తాను మారిపోవచ్చు. యంత్రం పాత డిస్కు దగ్గరకు వెళ్ళి ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అని చెప్పి ఆగుతుంది. విండోస్ ఎక్స్‌పీ యంత్రమైతే ‘హాల్ డీఎల్ఎల్’ అనే ఫైలు లేదని కూడా చెప్పవచ్చు. ఆ ఫైలు నిజంగా పోయిందని భ్రమపడి విండోస్‌ను మరల వేసినవారు ఉన్నారు. ఎక్స్‌పీ తన బూట్ ఫైలులో డిస్కులను సంఖ్యలతో గుర్తు పెట్టుకుంటుంది. కొత్త డిస్కు చేరగా సంఖ్యలు మారాయి, అంతే. పాత వరుసను నిలిపితే ఫైలు ‘దొరుకుతుంది’. పాత డిస్కునుండి ఫైళ్ళు తీసుకోవడమే మీ పని అయితే దానిని లోపల తగిలించనే వద్దు. ఐడీఈని యూఎస్‌బీకి మార్చే అడాప్టరుతో బయటినుండి చదవడం సులభం.

విండోస్ ఒక డిస్కులో, దాని తాళంచెవి మరొక డిస్కులో

ఎస్‌ఎస్‌డీ వేయించుకున్న వారికి ఎదురయ్యే చిక్కులలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. పాత హార్డ్ డిస్కును లోపలే ఉంచి, కొత్త ఎస్‌ఎస్‌డీలో విండోస్ వేయిస్తారు. అంతా చక్కగా నడుస్తుంది. కొన్ని నెలల తరువాత పాత డిస్కు శబ్దం చేస్తున్నదని దానిని తీసివేస్తారు. వెంటనే ‘నో బూటబుల్ డివైస్’ అని వస్తుంది. ఎస్‌ఎస్‌డీ పాడైందని అనుకుంటారు. జరిగింది వేరు. విండోస్‌ను వేసేటప్పుడు ఆ ప్రోగ్రాము విండోస్ ఫైళ్ళను మీరు చూపిన ఎస్‌ఎస్‌డీలో పెట్టినా, బూట్ ఫైళ్ళున్న చిన్న భాగాన్ని పాత డిస్కులో అంతకుముందే ఉన్నదానినే వాడుకోవచ్చు. ఇల్లు ఒక వీధిలో, తాళంచెవి మరొక వీధిలో అన్నమాట.

తేలికైన పరీక్ష: పాత డిస్కును తిరిగి తగిలించండి. విండోస్ తెరచుకుంటే కారణం ఇదేనని దాదాపుగా నిర్ధారించుకోవచ్చు. వెంటనే ముఖ్యమైన ఫైళ్ళను పెన్ డ్రైవుకు నకలు తీసి, ఆ తరువాతే మరమ్మతుకు పూనుకోవాలి.

మరమ్మతుకు విండోస్ పెన్ డ్రైవునుండి యంత్రాన్ని ఆన్ చేసి, మొదటి తెరమీద షిఫ్ట్, ఎఫ్10 మీటలు కలిపి నొక్కితే ఆజ్ఞల కిటికీ తెరచుకుంటుంది. అక్కడ ‘డిస్క్‌పార్ట్’, తరువాత ‘లిస్ట్ డిస్క్’, ‘లిస్ట్ వాల్యూమ్’ అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేస్తే డిస్కులు, భాగాలు, వాటి పరిమాణాలు కనిపిస్తాయి. పరిమాణాన్ని బట్టి ఏది ఎస్‌ఎస్‌డీయో గుర్తించండి. ఈ కిటికీలో భాగాల అక్షరాలు మారిపోవచ్చు. రోజూ సీ డ్రైవుగా ఉన్నది ఇక్కడ డీ కావచ్చు. ఎస్‌ఎస్‌డీలో బూట్ భాగానికి చోటు కల్పించి, దానికి ఒక అక్షరం ఇచ్చి, డిస్క్‌పార్ట్ నుండి బయటకు వచ్చి, ‘బీసీడీబూట్’ అనే ఆజ్ఞకు విండోస్ ఫోల్డరు దారిని, ఆ బూట్ భాగపు అక్షరాన్ని చూపితే కొత్త తాళంచెవి తయారవుతుంది. జీపీటీ డిస్కయితే ఆ భాగం ఫ్యాట్32లో ఉండాలి, 260 మెగాబైట్లు ఇస్తే సరిపోతుంది. ఎంబీఆర్ డిస్కయితే ఆ భాగాన్ని ‘యాక్టివ్’ అని గుర్తించాలి. డిస్క్‌పార్ట్ కిటికీలో ‘క్లీన్’ అనే మాటను మాత్రం ఎవరు చెప్పినా టైపు చేయకండి. శుభ్రం చేయడమని అర్థం వినిపించినా, అది ఎంచిన డిస్కులోని భాగాల పట్టికను క్షణంలో తుడిచివేస్తుంది, మరొకసారి అడగదు కూడా.

విండోస్ కొత్తగా వేసే సమయంలోనే పాత డిస్కు తీగను విప్పి, ఎస్‌ఎస్‌డీని ఒక్కదానినే ఉంచి, పని ముగిసిన తరువాత పాతదానిని తగిలిస్తే ఈ బాధంతా ఉండదు. అంగడిలో వేయిస్తున్నప్పుడు ఈ ఒక్క సంగతి గట్టిగా అడగండి. అయిదు నిమిషాల పని, విసుక్కున్నా ఫరవాలేదు.

నాణెమంత బ్యాటరీ

చాలాకాలం మూలపడి ఉన్న యంత్రం తెరచుకోకపోతే, లేదా కరెంటు పోయి వచ్చిన తరువాత ఆగిపోతే, తెరమీది తేదీని చూడండి. ఎన్నో ఏళ్ళ వెనుకటి తేదీ కనిపిస్తే మదర్‌బోర్డు మీది నాణెమంత బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాపులలో ఇది సాధారణంగా సీఆర్2032 రకం. ఇది అయిపోగానే బయాస్ తనలోని ఏర్పాట్లన్నిటినీ మరచిపోయి కర్మాగారపు ఏర్పాట్లకు వెళ్తుంది. ఒకే డిస్కున్న యంత్రానికి దీనివలన పెద్ద నష్టం లేదు. రెండు డిస్కుల యంత్రానికి మాత్రం వరుస తారుమారవుతుంది. సాటా డిస్కును చదివే పద్ధతి కూడా మారిపోవచ్చు.

ఆ పద్ధతికి మూడు పేర్లు ఉంటాయి: ఐడీఈ, ఏహెచ్‌సీఐ, రెయిడ్. విండోస్ ఏ పద్ధతిలో వేసి ఉంటే ఆ పద్ధతికి తగిన డ్రైవరునే బూట్ సమయానికి సిద్ధంగా ఉంచుకుంటుంది. ఏర్పాటు మారితే విండోస్ గుర్తు కనిపించి, కొద్దిసేపటికే నీలి తెర వస్తుంది. దానిమీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అనో, 7బీ తో ముగిసే సంఖ్యో ఉంటుంది. దీనికి మందు ఏర్పాటును తిరిగి పాత పద్ధతికి మార్చడమే. ఏది పాతదో గుర్తులేకపోతే ఒక్కొక్కటిగా మార్చి చూడవచ్చు. లాప్‌టాపులో, సాధారణ డెస్క్‌టాపులో దీనివలన ఫైళ్ళు పోవు. రెండు డిస్కులను జంటగా కలిపి నిజంగానే రెయిడ్‌గా వాడుతున్న యంత్రంలో మాత్రం ముట్టుకోరాదు. మన ఇళ్ళలో అటువంటివి అరుదు.

పాత యంత్రాన్ని ఐడీఈ పద్ధతినుండి ఏహెచ్‌సీఐకి మార్చితే ఎస్‌ఎస్‌డీ మెరుగుగా పనిచేస్తుంది. విండోస్ 8, 10లలో ముందుగా ‘ఎంఎస్‌కాన్ఫిగ్’ లోని బూట్ భాగంలో ‘సేఫ్ బూట్’ గుర్తు పెట్టి, ఆ తరువాత బయాస్‌లో మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి తెరచుకున్నాక ఆ గుర్తు తీసివేయాలి. విండోస్ ఎక్స్‌పీ డిస్కులో ఏహెచ్‌సీఐ డ్రైవరు ఉండదు కనుక దానిని ఐడీఈ పద్ధతిలో వదిలివేయడమే మేలు.

పట్టిక రకం కలవనప్పుడు

డిస్కులోని భాగాల పట్టిక ఎంబీఆర్ రకం కావచ్చు, జీపీటీ రకం కావచ్చు. విండోస్ ఎంబీఆర్ డిస్కునుండి పాత బయాస్ పద్ధతిలోనే, జీపీటీ డిస్కునుండి యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే తెరచుకుంటుంది. పాత హార్డ్ డిస్కు ఎంబీఆర్, కొత్త ఎస్‌ఎస్‌డీ జీపీటీ అయినప్పుడు యంత్రాన్ని ఒక పద్ధతికి బిగిస్తే రెండవ డిస్కులోని విండోస్ తెరచుకోదు. బయాస్‌లో ఈ ఏర్పాటు ‘లెగసీ’ లేదా ‘సీఎస్ఎం’ అనే పేరుతో ఉంటుంది. ఏ డిస్కు ఏ రకమో ‘లిస్ట్ డిస్క్’ ఆజ్ఞ చూపుతుంది. చివరి నిలువు వరుసలో నక్షత్రం గుర్తుంటే అది జీపీటీ. ఫైళ్ళు మాత్రమే ఉంచుకునే డిస్కు ఏ రకమైనా ఫరవాలేదు. అయితే ఎంబీఆర్ డిస్కులో సుమారు 2 టెరాబైట్లకు మించిన చోటును వాడలేము.

ఒక డిస్కు నకలును మరొక డిస్కులోకి తీసిన తరువాత రెండింటినీ ఒకేసారి తగిలించి ఆన్ చేయడం కూడా చిక్కే. రెండింటికీ ఒకే గుర్తు సంఖ్య ఉంటుంది, కనుక విండోస్ ఒకదానిని పక్కన పెడుతుంది. మొదటిసారి కొత్తదానిని ఒంటరిగా తెరచి చూడండి.

రెండు విండోస్‌ల మధ్య లైనక్స్

ఉచిత పథకంలో వచ్చిన లాప్‌టాపులలో విండోస్‌తో పాటు చెన్నై సీ-డాక్ రూపొందించిన బాస్ లైనక్స్ కూడా ఉండేది. ఆన్ చేయగానే ఏది కావాలని అడిగే పట్టిక వచ్చేది. ఆ పట్టికను చూపేది గ్రబ్ అనే ప్రోగ్రాము. దాని మొదటి తునక ఎంబీఆర్‌లో, మిగిలిన ఫైళ్ళు లైనక్స్ భాగంలో ఉంటాయి. వాడని లైనక్స్ ఎందుకు, చోటు దండగ అని విండోస్‌లోనుండి ఆ భాగాన్ని తుడిచివేస్తే మొదటి తునక తన మిగిలిన శరీరాన్ని వెదకి, దొరకక, ‘గ్రబ్ రెస్క్యూ’ అని చూపి ఆగిపోతుంది. విండోస్ ఫైళ్ళు చెక్కుచెదరవు. పాత బయాస్ పద్ధతి లాప్‌టాపయితే విండోస్ 7 డిస్కునుండి ఆజ్ఞల కిటికీ తెరచి ‘బూట్‌రెక్’ ఆజ్ఞకు ‘/ఫిక్స్‌ఎంబీఆర్’ జోడించి ఇస్తే గ్రబ్ స్థానంలో విండోస్ తునక చేరుతుంది. యూఈఎఫ్‌ఐ లాప్‌టాపయితే బూట్ మెనూలో ‘విండోస్ బూట్ మేనేజర్’ ను ఎంచితే చాలు.

దీనికి సంబంధించిన మరొక ప్రమాదం ఉంది. లైనక్స్ ఉన్న పాత డిస్కును యూఎస్‌బీ పెట్టెలో పెట్టి విండోస్‌కు తగిలిస్తే, వాడుకోవాలంటే ఫార్మాట్ చేయమని ఒక చిన్న కిటికీ అడుగుతుంది. విండోస్‌కు ఆ భాగాన్ని చదవడం రాదు, అందుకని అడుగుతున్నది. ‘క్యాన్సిల్’ నొక్కండి. ఆ డిస్కును లైనక్స్ పెన్ డ్రైవుతో తెరచిన యంత్రానికి తగిలిస్తే లోపలివన్నీ కనిపిస్తాయి.

ఎం.2 ఎస్‌ఎస్‌డీలు

చూయింగ్ గమ్ బిళ్ళలా ఉండే ఎం.2 ఎస్‌ఎస్‌డీలు రెండు రకాలు: సాటా, ఎన్‌వీఎంఈ. రూపం ఒకటే, భాష వేరు. ఒక రకానికి మాత్రమే ఉద్దేశించిన గాడిలో రెండవ రకం పెడితే డిస్కు కనిపించదు. కొన్ని మదర్‌బోర్డులలో ఎం.2 గాడి నిండగానే ఒక సాటా రంధ్రం పనిచేయడం మానేస్తుంది. అకస్మాత్తుగా పాత హార్డ్ డిస్కు మాయమైతే దాని తీగను పక్క రంధ్రానికి మార్చి చూడండి. పాత డెస్క్‌టాపులో అదనపు కార్డు మీద ఎన్‌వీఎంఈ పెడితే విండోస్ దానిని చూడగలిగినా బయాస్ దానినుండి బూట్ చేయలేకపోవచ్చు. 2011 నాటి లాప్‌టాపుకు రెండున్నర అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీయే తగినది.

డిస్కే చెడినప్పుడు

హార్డ్ డిస్కునుండి టిక్కు టిక్కు మని క్రమంగా శబ్దం వస్తుంటే వెంటనే ఆపివేయండి. మరల మరల ఆన్ చేసిన కొద్దీ లోపలి పళ్ళెం గీరుకుపోవచ్చు. డిస్కును సరిచేస్తానని చెప్పే ‘చెక్‌డిస్క్’ కూడా ఈ స్థితిలో హాని చేయవచ్చు. ముందు ఫైళ్ళ నకలు, తరువాతే మరమ్మతు. ఎస్‌ఎస్‌డీ చెడేటప్పుడు శబ్దం చేయదు, చెప్పకుండా పోతుంది. అందుచేత దస్తావేజుల స్కాన్లు ఎస్‌ఎస్‌డీలో ఒక్క చోటనే ఉంచరాదు. తీసివేసిన పాత హార్డ్ డిస్కు బాగున్నట్లయితే దానిని యూఎస్‌బీ పెట్టెలో పెట్టి రెండవ నకలుకు వాడుకోవచ్చు.

కొత్త విండోస్ 11 లాప్‌టాపులకు ఒక జాగ్రత్త. వాటిలో చాలావాటి డిస్కు బిట్‌లాకర్ అనే తాళంతో వస్తుంది. బయాస్ ఏర్పాట్లు మార్చినా, డిస్కును వేరొక యంత్రంలో పెట్టినా 48 అంకెల సంఖ్య అడుగుతుంది. ఆ సంఖ్య సాధారణంగా లాప్‌టాపులో వాడిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. పిల్లలు ఊళ్ళో లేనప్పుడు యంత్రాన్ని విప్పించేముందు ఫోను చేసి ఆ సంఖ్యను కాగితం మీద వ్రాయించుకోండి.

ఇంట్లో కుదరక చెన్నై రిచీ వీధికో, తిరువళ్ళూరు అంగడికో తీసుకువెళ్ళవలసి వస్తే మొబైలులోని తెర ఫొటోను చూపండి. ఏ డిస్కులో విండోస్ ఉన్నది, ఏది తరువాత చేర్చినది చెప్పండి. లాప్‌టాపును అప్పగించేటప్పుడు ‘డేటా వేణుం, ఫార్మాట్ పణ్ణాదీంగ’ అని తమిళంలో చెప్పడమే కాక, రసీదు మీద కూడా అదే మాట వ్రాయించుకోండి. డిస్కు మార్చితే పాత డిస్కును తిరిగి అడిగి తీసుకోవాలి; అది పనిచేయనిదైనా మీ కాగితాలు దానిలోనే ఉన్నాయి.